నూట అయిదు మ్యాచ్‌లు, ఒక సంపు మోటరు

2024 అక్టోబర్ 24, గురువారం. తెల్లవారుజామున 4:10కి దిండు కింద ఫోన్ గజగజలాడింది. మోత పెడితే ఇంట్లో అందరూ లేస్తారని వైబ్రేషన్‌లో పెట్టుకున్నాను. లైటు వేయకుండా హాల్లోకి వచ్చి, సోఫా కాలికి బొటనవేలు కొట్టుకుని, టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి కూర్చున్నాను. అమెరికాలో అప్పటికి 23వ తేదీ రాత్రి ఏడు కావస్తోంది. డెట్రాయిట్‌లో ఇండియానా పేసర్స్ అనే బాస్కెట్‌బాల్ టీమ్ ఆ సీజన్ మొదటి మ్యాచ్ ఆడబోతోంది. 115-109తో గెలిచింది కూడా. కానీ ఆ రోజంతా ఆఫీసులో నా కళ్లముందు మెదిలింది జేమ్స్ వైజ్‌మన్. బెంచి మీద నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు, ఎవరూ తగలకుండానే ఆగిపోయి కాలు పట్టుకున్నాడు. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగిందని తర్వాత చెప్పారు. సీజన్ మొదలైన రోజే అతని సీజన్ అయిపోయింది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క టీమ్‌ని పట్టుకుని, సీజన్ మొత్తం హైదరాబాద్ నుంచి చూడాలనుకునేవాళ్లకి లోపల ఏం జరుగుతుందో తెలియాలని ఇది రాస్తున్నా. హైలైట్లతో సరిపెట్టుకునేవాళ్లకి అక్కర్లేదు. వాళ్లు సుఖపడ్డవాళ్లు.

లేకర్స్, వారియర్స్ లాంటి పేరున్న టీమ్‌లు ఉండగా పేసర్స్ ఏంటని అందరూ అడుగుతారు. 2019 అక్టోబర్‌లో ఎన్‌బీఏ మొదటిసారి మన దేశంలో రెండు మ్యాచ్‌లు పెట్టింది, ముంబైలో, ఎన్‌ఎస్‌సీఐ డోమ్‌లో. పేసర్స్, శాక్రమెంటో కింగ్స్. నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి అక్టోబర్ 5న రెండో మ్యాచ్ చూశాను. టికెట్ ధర ఇంట్లో సగమే చెప్పాను, మిగతా సగం ఇప్పటికీ చెప్పలేదు. పేసర్స్ 130-106తో గెలిచింది. సికింద్రాబాద్ వైఎంసీఏ సిమెంటు కోర్టులో మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడిన నాకు, ఆ చెక్క నేల మీద బూట్ల కీచుమనే చప్పుడు వినగానే కడుపులో ఏదో అయింది. అంతే, ఆ టీమ్ నాదైపోయింది. 2022 ఫిబ్రవరిలో ఇదే కింగ్స్ నుంచి టైరీస్ హాలిబర్టన్‌ని పేసర్స్ తెచ్చుకుంది, సబోనిస్ అనే ఆటగాణ్ని అటు ఇచ్చి. ముంబైలో నేను చూసిన రెండు టీమ్‌ల మధ్యే జరిగిన బేరం అది. దానికి నేనేదో సాక్షి సంతకం పెట్టినట్టు అనిపించేది.

అయినా అయిదేళ్లూ ముక్కలు ముక్కలుగానే చూశాను. ఈసారి మాత్రం సీజన్‌లో ఒక టీమ్ ఆడే 82 మ్యాచ్‌లకి 82 చూడాలని పట్టు పట్టాను. మ్యాచ్‌లు నెట్‌లో చూపించే లీగ్ పాస్‌కి సీజన్ మొత్తం ఒకేసారి కట్టేశాను. నెలనెలా కట్టుకుంటే మధ్యలో మానేసే దారి ఒకటి తెరిచి ఉంటుందని నా భయం. గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో రాహుకాలం పక్కన ఎర్ర పెన్నుతో మ్యాచ్ టైములు రాసుకున్నాను. దీపావళికి వచ్చిన అమ్మ ఆ గుర్తులు చూసి, "ఏరా, ఇదేం వ్రతం?" అంది.

టైముల సంగతి ముందే తెలుసుకోండి, నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. అక్టోబర్‌లో వాళ్ల రాత్రి ఏడు గంటల మ్యాచ్ మనకి పొద్దున నాలుగున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటి నుంచి అదే మ్యాచ్ అయిదున్నరకి. ఆ గంట నిద్ర విలువ బంగారంతో తూచాలి. మార్చి రెండో ఆదివారం మళ్లీ గంట ముందుకి. 2025లో అది 9న పడింది, అదే రాత్రి దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, న్యూజిలాండ్ మీద మనవాళ్లు గెలిచారు, మా వీధిలో టపాకాయలు. ఆ హడావిడిలో గడియారం మాటే మర్చిపోయాను. ఆ వారం పాత అలవాటు ప్రకారం లేచి టీవీ పెడితే సగం మ్యాచ్ అయిపోయి హాఫ్‌టైమ్ నడుస్తోంది. మొదటిసారి దెబ్బతిన్నది నవంబర్‌లో. అప్పుడు గంట ముందే లేచి ఖాళీ స్టేడియం బొమ్మ చూస్తూ కూర్చున్నాను. పోనీ, ఆ నష్టం చిన్నది.

పశ్చిమ తీరం మ్యాచ్‌లు చలికాలంలో మనకి ఎనిమిదిన్నరకి వస్తాయి. అంటే తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా ఫోన్లో. డిసెంబర్ 24న, స్టార్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ టీమ్ అయిన వారియర్స్‌తో మ్యాచ్ చూస్తుంటే పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాడు నా భుజం మీదుగా వంగి, "అన్నా, కర్రీనా?" అన్నాడు. నేను పేసర్స్ కోసం చూస్తున్నానంటే, "అదేం టీమ్ అన్నా?" అని అడిగాడు. పేసర్స్ 111-105తో గెలిచింది. అప్పటికి ఆ కుర్రాడు అమీర్‌పేటలో దిగిపోయాడు, చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆ సీజన్ మొదటి రెండు నెలలు అలాంటివే, గెలిస్తే చెప్పుకోవడానికి ఎవరూ లేరు, ఓడితే ఓదార్చేవాళ్లూ లేరు. రెండో వారం కూడా రాకముందే, అక్టోబర్ 26న న్యూయార్క్‌లో 123-98తో ఓడారు. హాలిబర్టన్ ఎనిమిది షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు. సున్నా పాయింట్లు. శనివారం పొద్దున అయిదింటికి లేచి అది చూశాను నేను. దీపావళి రోజు పొద్దున మాత్రం చాంపియన్లయిన బోస్టన్ సెల్టిక్స్‌ని, స్కోరు సమమైతే అదనంగా ఆడించే ఓవర్‌టైమ్‌లో 135-132తో ఓడించారు. అమ్మ నువ్వుల నూనె గిన్నె పట్టుకుని తలంటుకి నిలబడి ఉంది. "అయిదు నిమిషాలమ్మా" అంటే అవి బాస్కెట్‌బాల్ నిమిషాలని ఆవిడకేం తెలుసు. అరగంట నిలబెట్టాను. నా నెత్తి మీద పడ్డ నూనెలో కోపం కూడా కొంచెం ఉంది.

రెండు రోజులకే, వైజ్‌మన్‌లాగే సెంటర్ స్థానంలో ఆడే ఐజయా జాక్సన్ పడిపోయాడు. అతనికీ అకిలిస్సే. పది రోజుల్లో ఒకే టీమ్‌లో ఇద్దరు. వైఎంసీఏలో మాకు నేర్పిన కోచ్ సారుకి ఫోన్ చేశాను. ఆయనకి ఆడే రోజుల్లో ఇదే తెగింది. "వెనక నుంచి ఎవడో తన్నినట్టుంటదిరా. ఎవడ్రా అని తిరిగి చూస్తే ఎవడూ ఉండడు" అన్నారు. ఆ మాట నాతోనే ఉండిపోయింది.

డిసెంబర్ రెండో వారానికి 25 మ్యాచ్‌లు ఆడితే పది గెలుపులు. మా వాట్సాప్ గ్రూపులో ఏడుగురం, మిగతా ఆరుగురూ లేకర్స్, వారియర్స్, సెల్టిక్స్ వాళ్లు. "పొద్దున్నే లేచి యోగా చెయ్యరా, ఆరోగ్యమన్నా వస్తుంది" అనేవాళ్లు. నిజం చెప్పాలంటే డిసెంబర్‌లో మానేద్దామనుకున్నాను కూడా. ఎవరూ బలవంతం చేయని పనికి చలిలో లేవడం కన్నా వెర్రి ఉందా? మానకపోవడానికి కారణం బాస్కెట్‌బాల్ కాదు. సంపు మోటరు.

మా అపార్ట్‌మెంట్‌కి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, తెల్లవారుజామున. సంపు నిండాక మోటరు వేసి పైట్యాంకుకి ఎక్కించాలి. ఇన్నాళ్లూ ఆ పని కింద ఫ్లాట్‌లో రిటైరైన అంకుల్ చూసేవారు. ఆయన డిసెంబర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. వాచ్‌మన్ నాలుగున్నరకి పాల ప్యాకెట్లకి పోతాడు. "మీ హాల్లో ఎలాగూ టీవీ వెలుగు కనబడుతూనే ఉంటది కదా, మీరు చూడండి" అని అసోసియేషన్‌వాళ్లు నా మీద పెట్టారు. ఒప్పుకున్నాను, కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. మూడో అంతస్తు నుంచి దిగి, మోటరు వేసి, మళ్లీ ఎక్కి రావడానికి ఒక టైమౌట్ చాలదు. రెండు క్వార్టర్ల మధ్య విరామం కావాలి. హాఫ్‌టైమ్ అయితే టీ కూడా పెట్టుకోవచ్చు. ఈ లెక్క నాకు నెల రోజుల్లో ఒంటపట్టింది. నీళ్ల బాధ్యత మీద పడ్డాక ఇక మ్యాచ్ మానేసినా నిద్ర దక్కదు, కాబట్టి మ్యాచే చూడటం మొదలుపెట్టాను. వాచ్‌మన్ మాత్రం, "నైట్ డ్యూటీనా సార్? అమెరికా కంపెనీనా?" అని అడిగితే, ఒక రకంగా అవునన్నాను.

ఖర్చుల సంగతి కూడా చెప్పాలి కదా. లీగ్ పాస్ కాక, కరెంటు పోతే నెట్ ఆగకుండా రౌటర్‌కి చిన్న యూపీఎస్ 1,650. హెడ్‌ఫోన్లు 1,900, ఎందుకంటే సౌండ్ లేకుండా బాస్కెట్‌బాల్ చూస్తే మూకాభినయంలా ఉంటుంది. పాలూ టీ పొడీ నెలకి ఓ నాలుగు వందలు ఎక్కువయ్యాయి. అన్నిటికన్నా పెద్దది ఫిబ్రవరిలో వచ్చింది. ఆఫీసులో కళ్లు తిరిగితే క్లినిక్‌కి వెళ్లాను. బీపీ 146, 94. ఫీజు 500, రక్త పరీక్షలు 1,200. డాక్టర్ గారు "రోజూ ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అంటే అయిదు అన్నాను. "రాత్రి షిఫ్టా?" అన్నారు. వాచ్‌మన్‌కి చెప్పిన అబద్ధమే ఆయనకీ చెప్పబోయి, మానేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు నన్ను చూసి, "మా అబ్బాయి కూడా ఇంతే, వాడిది ఫుట్‌బాల్" అన్నారు. మందు రాయలేదు. తొమ్మిదిన్నరకి పడుకోమన్నారు. ఇంట్లో టీవీ సీరియల్ పదింటికి మొదలవుతుందని ఆయనకి తెలియదు.

తొమ్మిదిన్నరకి పడుకోవడం అంటే పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఫ్రెండ్స్‌తో బిర్యానీలు అన్నీ సగంలో వదిలేసి రావడం. పడుకున్నా సరిపోయేది కాదు. ఒక సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి కూర్చుని కళ్లు మూశాను, తెరిచేసరికి నాగోల్. ఆఖరి స్టేషన్. మళ్లీ వెనక్కి. ఆ నెలలోనే మా ఆవిడ, "ఏమండీ, ఆ హాలిబర్టన్‌కి మీ పేరు తెలుసా కనీసం?" అని అడిగింది. వెటకారంగా కాదు, మామూలుగానే అడిగింది. అందుకే గుచ్చుకుంది.

అయితే జనవరి బాగుంది. 13న భోగి. మిర్యాలగూడ దగ్గర మా అత్తగారి ఊళ్లో, చీకట్లో అందరూ భోగి మంట చుట్టూ ఉంటే, నేను మంట వెలుగులో ఫోన్ పట్టుకున్నాను. వరుసగా పన్నెండు గెలిచి ఊపు మీదున్న క్లీవ్‌లాండ్ కావలియర్స్‌ని వాళ్ల ఊళ్లోనే 108-93తో ఆపేశారు. సిగ్నల్ ఒక్క చోటే ఉంది, పిడకల గూడు పక్కన. అక్కడే నిలబడ్డాను. మా మామగారు ఎవరితోనో "అల్లుడికి ఆఫీసు పని ఎక్కువ" అని గర్వంగా చెప్పడం వినబడింది.

తర్వాత పారిస్. శాన్ ఆంటోనియో స్పర్స్‌తో అక్కడ రెండు మ్యాచ్‌లు. మొదటిది మనకి 24 అర్ధరాత్రి పన్నెండున్నరకి, 140-110తో చిత్తుగా ఓడారు. రెండోది 25న, శనివారం రాత్రి పదిన్నరకి. సీజన్ మొత్తంలో మనుషులు మెలకువగా ఉండే టైముకి నాకు వచ్చిన కొద్ది మ్యాచ్‌ల్లో అదొకటి. లైట్లు వేసుకుని, సౌండ్ పెట్టుకుని, పల్లీలు వేయించుకుని కుటుంబంతో కూర్చుని చూశాను. మా ఏడేళ్లవాడు ఏడడుగులు దాటిన వెంబన్యామాని చూసి, "నాన్నా, ఆయనకి ఇంట్లో ఫ్యాన్ తగలదా?" అన్నాడు. పేసర్స్ 136-98తో గెలిచింది. వాడు రెండో క్వార్టర్లోనే నిద్రపోయాడు. మా ఆవిడ మాత్రం ఆఖరిదాకా కూర్చుంది. ఆ తర్వాత నుంచి తెల్లవారుజామున హాల్లో నా అలికిడి గురించి ఒక్క మాట అనలేదు.

ఫిబ్రవరి 2 ఆదివారం పొద్దున పది దాటాక స్టార్ ఆటగాడు లూకా డాన్‌చిచ్‌ని అతని టీమ్ డల్లాస్, లేకర్స్‌కి ఇచ్చేసిందని వార్త. గ్రూపులో అందరం ఎవరి అకౌంటో హ్యాక్ అయిందనుకున్నాం. లేకర్స్ అభిమానులకి ఆ రోజు పండగ. నాకు దానితో పని లేదు.

ఏప్రిల్ మధ్యకి లెక్క తేలింది. పేసర్స్ 50 గెలుపులు, 32 ఓటములు, లీగ్ తూర్పు విభాగంలో నాలుగో స్థానం. నా లెక్క కూడా రాసుకున్నాను. 82లో 61 లైవ్‌గా చూశాను, 17 రీప్లేలో, నాలుగు అసలు చూడలేదు. రీప్లే చూడాలంటే యాప్‌లో స్కోర్లు దాచే సెట్టింగ్ ఉంది, అది పెట్టుకున్నా లాభం లేదు. గ్రూపులో ఒకడు ఉంటాడు, పొద్దున్నే "పాపం" అని ఒక్క ముక్క పెడతాడు. ఆ ఒక్క ముక్కతో మొత్తం అయిపోతుంది.

ఆ నెలలోనే లీగ్ ఆటగాళ్లని పేర్లు బయటపెట్టకుండా అడిగిన ఒక సర్వే వచ్చింది. అందరికన్నా ఎక్కువగా, ఉన్నదానికి మించి పేరొచ్చినవాడు హాలిబర్టన్ అన్నారు. నాకు కోపం వచ్చింది. న్యూయార్క్ సున్నా గుర్తొచ్చి కొంచెం తగ్గింది.

ప్లేఆఫ్స్, అంటే ఏడింటిలో ముందు నాలుగు గెలిచిన టీమే పై రౌండుకి పోయే పోటీలు, వచ్చాక అది ఇంకో ఆట. మిల్వాకీ బక్స్‌తో మొదటి రౌండ్. నాలుగో మ్యాచ్‌లో వాళ్ల డామియన్ లిల్లార్డ్ పడ్డాడు. మళ్లీ అకిలిస్. ఏప్రిల్ 30 తెల్లవారుజామున అయిదో మ్యాచ్, ఓవర్‌టైమ్, నలభై సెకన్లు మిగిలి ఉండగా 118-111తో వెనకబడి ఉన్నాం. ఎప్పటి నుంచి "ఉన్నాం" అనడం మొదలుపెట్టానో నాకే తెలియదు. ఎనిమిది పాయింట్లు వరుసగా కొట్టారు. చివరిది హాలిబర్టన్, రెండు సెకన్లు కూడా లేకుండా. 119-118. నోరు మూసుకుని అరవడం ఎలాగో ఆ రోజు తెలిసింది. దిండు అడ్డం పెట్టుకోవాలి.

మే 7 గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. నాలుగింటికి లేచి ఫోన్ చూస్తే ఆపరేషన్ సిందూర్ వార్తలు. రాత్రి ఒంటి గంట దాటాక మనవాళ్లు పాకిస్తాన్‌లో దాడులు చేశారు. అప్పుడు మ్యాచ్ పెట్టడానికి చేయి రాలేదు. మా ఆవిడ తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. ఆమెని లేపాలా, తెల్లవారనివ్వాలా అని హాల్లో నిలబడ్డాను. లేపలేదు. టీవీ పెట్టి సౌండ్ తీసేసి, ఒక కన్ను ఫోన్ మీద, ఒక కన్ను క్లీవ్‌లాండ్‌తో రెండో రౌండ్ మ్యాచ్ మీద పెట్టాను. నిమిషం లోపు టైము, ఏడు పాయింట్లు వెనక. హాలిబర్టన్ ఫ్రీ త్రో తప్పాడు, తన బంతి తనే పట్టుకున్నాడు, బయటికి వచ్చి, ఒక సెకను మిగిలి ఉండగా మూడు పాయింట్ల షాట్ వేశాడు. 120-119. నేను లేవనైనా లేవలేదు. ఆరింటికి ఆమె లేచింది, చెప్పాను, ఫోన్ కలిసింది, తమ్ముడు మాట్లాడాడు. అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. దేనికి వచ్చాయో విడదీసి చెప్పలేను. ఆ సాయంత్రం నాలుగింటికి నగరంలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి.

మే 22, గురువారం. న్యూయార్క్ నిక్స్‌తో తూర్పు ఫైనల్ మొదటి మ్యాచ్, అయిదున్నరకి. ఎనిమిది కావస్తోంది. మూడు నిమిషాల కన్నా తక్కువ ఉంది, 119-105. పద్నాలుగు పాయింట్లు. అయిపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే కింద నుంచి ఆంటీ, "బాబూ, ఇవాళ నల్లా ఇప్పుడొచ్చింది, చూడవూ" అని కేక వేసింది. బాధ లేకుండా దిగాను. ఆఫీసుకి ఎలాగూ లేటు, నీళ్లయినా ఎక్కిద్దామని. మోటరు స్విచ్ వేసి, పైట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వస్తుందా అని చెవి పెట్టి నిలబడ్డాను. జేబులో ఫోన్ ఆగకుండా అదురుతోంది. తీసి చూస్తే గ్రూపులో నలభైకి పైగా మెసేజ్‌లు. "ఒరే ఎక్కడున్నావ్", "ఒరే", "ఒరేయ్".

మూడంతస్తులు ఎలా ఎక్కానో తెలియదు. నేను వచ్చేసరికి రీప్లే చూపిస్తున్నారు. మా ఆరన్ నెస్మిత్ నాలుగో క్వార్టర్లోనే మూడు పాయింట్ల షాట్లు ఆరు వేశాడట. ఆఖరి క్షణంలో హాలిబర్టన్ వేసిన బంతి రింగు వెనక అంచుకి తగిలి, బోర్డు కన్నా పైకి లేచి, నేరుగా వలలో పడింది. అతను గెలిచేశామనుకుని మెడ పట్టుకునే సైగ చేశాడు, పాతకాలపు పేసర్స్ ఆటగాడు రెజ్జీ మిల్లర్ సైగ అది. మిల్లర్ అక్కడే కామెంటరీలో ఉన్నాడు. తీరా చూస్తే కాలు గీత మీద ఉంది, రెండు పాయింట్లే. 125-125, ఓవర్‌టైమ్. చివరికి 138-135. ఓవర్‌టైమ్ మొత్తం చూశాను. కానీ ఏడు నెలలు కాపు కాసి, ఆ ఒక్క బంతి గాల్లో ఉన్నప్పుడు నేను సంపు దగ్గర ఉన్నాను. ఇది ఇంకా మింగుడుపడలేదు. ట్యాంకు కూడా ఆ రోజు పొంగి కారింది, మోటరు ఆపడం మర్చిపోయాను. పైఫ్లాట్‌వాళ్లు అడిగితే స్విచ్ పాడైందని చెప్పాను.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. మ్యాచ్ అయ్యేదాకా కుర్చీ వదలను. నల్లా డ్యూటీ జూన్ నెలకి వాచ్‌మన్‌కి రెండు వందలిచ్చి అప్పగించాను. జూన్ 6, శుక్రవారం, ఆరింటికి ఓక్లహోమా సిటీ థండర్‌తో ఫైనల్స్ మొదటి మ్యాచ్. 68 గెలిచిన టీమ్ అది. మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ఆధిక్యంలో ఉన్నది చివరి 0.3 సెకన్లు. హాలిబర్టన్ షాట్, 111-110. ఆ 0.3 సెకన్లూ నేను కుర్చీలోనే ఉన్నాను. సగం బాకీ తీరింది.

అయిదో మ్యాచ్‌లో హాలిబర్టన్ పిక్క పట్టేసింది. ఓడారు, 3-2తో థండర్ ముందుంది. అతను ఆరో మ్యాచ్ ఆడాలా వద్దా అని గ్రూపులో రెండు రోజులు కొట్టుకున్నాం. ఒకడు, వాడు వారియర్స్ అభిమాని, 2019లో కెవిన్ డ్యురాంట్ ఇలాగే పిక్క నొప్పితో దిగి అకిలిస్ తెంచుకున్న సంగతి గుర్తుచేశాడు. "ఫైనల్స్‌రా ఇవి, ఆడాల్సిందే" అని నేను రాశాను. పెద్ద అక్షరాలు లేవు తెలుగులో, ఉంటే వాటితోనే రాసేవాణ్ని. అతను ఆడాడు, 108-91తో గెలిచారు. ఏడో మ్యాచ్.

జూన్ 23, సోమవారం. అయిదింటికే గ్రూపులో నలుగురు మా ఇంటికి వచ్చారు, ఫ్లాస్కులో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో. మా ఆవిడ లేచి ఉప్మా చేసింది. మొదటిసారి లైట్లు వేసుకుని, సౌండ్ పెట్టుకుని తెల్లవారుజామున కూర్చున్నాం. హాలిబర్టన్ వచ్చీ రాగానే మూడు పాయింట్ల షాట్లు మూడు వేశాడు. తొమ్మిది పాయింట్లు. ఉప్మా ప్లేట్లు చేతుల్లో ఉన్నాయి.

మొదటి క్వార్టర్ ఇంకా అయిదు నిమిషాలుంది. బంతి పట్టుకుని ముందుకి అడుగు వేయబోయాడు, కాలు నిలవలేదు. పడిపోయి నేలని అరచేత్తో కొట్టాడు. ఎవరూ తగల్లేదు. రీప్లే వేయకముందే నాకు తెలిసిపోయింది. ఎవడ్రా అని వెనక్కి తిరిగి చూస్తే ఎవడూ ఉండడు. మా ఆవిడ "ఏమైంది?" అంటే ఎవరూ జవాబు చెప్పలేదు. వారియర్స్‌వాడు నా వైపు చూడకుండా ప్లేటు కింద పెట్టాడు. వాడు ఒక్క మాట అన్నా బాగుండేది.

హాఫ్‌టైమ్‌కి పేసర్స్ 48-47తో ముందే ఉంది. మెక్‌కానెల్ ఒంటి చేత్తో లాగుతున్నాడు. మూడో క్వార్టర్లో థండర్ దూరం పెంచేసింది. 103-91. థండర్ ఆటగాడు షే గిల్జియస్ అలెగ్జాండర్ కప్పు ఎత్తుతుంటే చూడకుండా మా వాళ్లు చెప్పులేసుకున్నారు. ఫోన్లో ఆ పాత మెసేజ్ వెతికి తీసేద్దామనుకున్నాను. అందరూ ఎప్పుడో చదివేశారు కదా అని వదిలేశాను.

తొమ్మిదీ ముప్పావుకి మెట్రో ఎక్కాను. మే నెలలో పెరిగిన చార్జీ ఇంకా అలవాటు కాలేదు, కార్డులో డబ్బు చాలక గేటు దగ్గర ఆగాను. ఆఫీసులోకి అడుగుపెట్టగానే మా మేనేజర్ గారు కుర్చీ తిప్పి, "మ్యాచ్ చూశావా? ఏం బౌలింగయ్యా!" అన్నారు. లీడ్స్ టెస్టు గురించి. ముందురోజు బుమ్రా అయిదు వికెట్లు తీశాడు.

"చూశాను సార్" అన్నాను.

"కళ్లేంటి అలా ఉన్నాయి?"

"నల్లా డ్యూటీ సార్."